మూత్రమున నెత్తురు: ముదిరిన ద్రోణి క్యాన్సరునకు మందుల చికిత్స



నేటి ప్రసంగ విషయము వినుటకు ఇంపైనది కాదు. అయినను ఊరిలో నలుగురు పెద్దలు తెలిసికొని యుండదగినది. ఒక యింట ఇట్టి వ్యాధి పొడసూపినప్పుడు, పట్టణపు ఆసుపత్రిలో వైద్యుడు చెప్పిన మాట సగము బోధపడి సగము బోధపడక, ఆ యింటివారు మొదట వచ్చి కూర్చుండునది మీ యరుగు మీదనే. “పెద్దయ్యా, నాయనకు మందు లెక్కింపవలెనట. ఎక్కించినచో బ్రదుకునా? పొలము బేరము పెట్టుదుమా, వలదా?” అని యడుగుదురు. ఆ ప్రశ్నకు తొందరపడి ఔననియు చెప్పరాదు, కాదనియు చెప్పరాదు. చెప్పుటకు ముందు ఎఱుగవలసిన సంగతులు కొన్ని యీ పూట మనవి చేసెదను.

మూత్రపిండములు నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడుగింజ యాకారమున పిడికెడేసి యుండును. నెత్తురును వడపోయుట వాని పని. వడపోతలో దిగిన నీరు సన్నని గొట్టముల చివరలనుండి బొట్లుబొట్లుగా జాఱి చిన్న గిన్నెలవంటి గదులలో పడును. ఆ గిన్నెలన్నియు కలిసి గరాటువంటి యొక తిత్తిగా నేర్పడును. దీనినే వైద్యులు మూత్రపిండ ద్రోణి యందురు. ద్రోణినుండి జానెడుకు మించిన పొడవు గల నాళము క్రిందికి దిగి మూత్రాశయమును చేరును. మడినీరు బోదెలో పడి, బోదె కాలువలో కలిసి, కాలువ చెఱువును చేరినట్లు ఈ యేర్పాటంతయు నున్నది.

గిన్నెలు మొదలు మూత్రాశయము వఱకు ఈ దారి పొడవునను లోపలివైపున ఒకే జాతి పొర పఱచియున్నది. ఆ పొరలోని కణములు అదుపు తప్పి పెరుగుటయే మనము నేడు చెప్పుకొను క్యాన్సరు. మూత్రపిండపు కండలో, అనగా వడపోత జరుగు భాగములో, పుట్టు క్యాన్సరు వేఱు. లోకములో రెంటిని కిడ్నీ క్యాన్సరనియే పిలుతురు. పేరు కలియుటవలన కలుగు చిక్కు చిన్నది కాదు. కండలో పుట్టినదానికి నేను చెప్పబోవు రసాయన మందులు దాదాపు పనిచేయవు; పొరలో పుట్టినదానికి పనిచేయును. పొరుగూరివాని కిడ్నీ క్యాన్సరునకు మాత్రలు మ్రింగించిరే, మనవానికి సూదులేల యని తర్కించుటకు ముందు, ముక్క పరీక్ష కాగితములో ఏ క్యాన్సరని వ్రాసిరో చూడవలెను. చదువ వచ్చిన మనుమడు ఇంట నున్నచో ఈ పని వానికి అప్పగింపవచ్చును.

పొరలో పుట్టు క్యాన్సర్లలో నూటికి 90కి తక్కువ కాకుండ మూత్రాశయముననే పుట్టును. పైభాగమున, అనగా ద్రోణిలోను నాళములోను, పుట్టునవి నూటికి 5 మొదలు 10 వఱకు మాత్రమే. అందులో ద్రోణిలోనివి నాళములోనివానికి రెట్టింపు. అరుదైనదే కాని మాయదారిది. మూత్రాశయపు గోడకున్నంత దిట్టమైన కండ ద్రోణి గోడకు లేదు. కనుగొనునాటికే నూటికి 60 మందిలో క్యాన్సరు గోడలోనికి చొచ్చుకొని పోయి యుండును. మూత్రాశయపు క్యాన్సరులో ఈ లెక్క 15 మొదలు 25 వఱకే.

ఇక గుర్తు. మూత్రములో నెత్తురు పడుట దీని మొదటి గుర్తు. తఱచుగా నొప్పి యుండదు. ఒకనాడు ఎఱ్ఱగా పోయి, మఱునాటికి తేటపడి, నెలయో రెండు నెలలో మఱల కనబడక పోవచ్చును. వేడి చేసినదని బార్లీనీళ్లు, సబ్జాగింజలు, కొబ్బరినీళ్లు త్రాగుదురు. నెత్తురు దానంతట అదే ఆగును. కొబ్బరినీటికి కీర్తి వచ్చును. లోపలి పుండు పెరుగుచునే యుండును. మెలిపెట్టు నొప్పితో వచ్చిన నెత్తురు రాతివలన కావచ్చును. నొప్పి లేని నెత్తురే ఎక్కువ భయపడదగినది. ఒక్కొక్కప్పుడు నాళములో గడ్డకట్టిన నెత్తురు వానపామువలె సన్నగా పొడవుగా వెలువడును. అది పైభాగమునుండి వచ్చుచున్నదనుటకు ఆనవాలు. నలువది యేండ్లు దాటినవారికి ఇట్టి నెత్తురు ఒక్కసారి కనబడినను, తానుగా ఆగినను, మూత్ర పరీక్షయు, మూత్రాశయములోనికి సన్నని గొట్టము పంపి చూచుటయు, నరములో మందెక్కించి తీయు సి.టి. చిత్రమును అవసరమగును.

ఈ వ్యాధి కారణములలో మొదటిది పొగాకు. చుట్టయైనను, బీడియైనను, సిగరెట్టైనను భేదము లేదు. పొగతో నెత్తురులో దిగిన విషములను వడపోసి బయటికి పంపవలసినది మూత్రపిండమే. ఆ విషనీరు నిలుచు తావు ద్రోణి. రంగుల కర్మాగారములలో వాడిన కొన్ని రసాయనములవలనను ఇది కలుగునని చిరకాలమునుండి తెలియును.

రెండవ కారణము మఱింత వింతయైనది; మన పల్లెలకు దగ్గఱిది గనుక కొంత విపులముగా చెప్పెదను. ఐరోపాలో డాన్యూబు నది ఉపనదుల వెంబడి, నేటి సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, బల్గేరియా, రుమేనియా దేశములలోని కొన్ని పల్లెలలో, రైతుల మూత్రపిండములు మెల్లగా ఎండిపోవుటయు, వారిలో పలువురకు ఈ పొర క్యాన్సరు వచ్చుటయు 1950 ప్రాంతములనుండి వైద్యుల కంటబడెను. ఒక యూరనుండి ప్రక్క యూరికి లేదు. ఒక యింటనుండి పొరుగింటికి లేదు. నీటిని అనుమానించిరి, బూజును అనుమానించిరి. తుదకు, గోధుమ చేలలో మొలచు అరిస్టొలోకియా యను కలుపుమొక్క గింజలు గోధుమలతో కలిసి పిండియై రొట్టెలో చేరుచున్నవనియు, అందలి విషమే ఆ వ్యాధిగ్రస్తుల మూత్రపిండ కణములలో గుఱుతు వదలినదనియు 2007లో ప్రకటింపబడిన పరిశోధన చూపెను. దీనికి ముందే 1993లో బెల్జియము వైద్యులు మఱియొక సంగతి ప్రకటించిరి. ఒళ్లు తగ్గుటకై స్త్రీలకు ఇచ్చిన చీనా మూలికల పొడిలో పొరపాటున ఇదే జాతి మొక్క కలిసి, వారి మూత్రపిండములు చెడెను. వారిలో 39 మందికి ముందుజాగ్రత్తగా మూత్రపిండములను నాళములను తీసి చూడగా, 18 మందిలో అప్పటికే క్యాన్సరు పుట్టియున్నది.

ఈ జాతి మొక్కలు మనకు క్రొత్తవి కావు. పాముకాటునకు నూఱి పోయు ఈశ్వరి వేరు ఈ కుటుంబములోనిదే. పురుగుల మందుగా వాడు గాడిదగడపాకును అంతే. పెద్దలు చెప్పిన మందనియు, ఆకుపసరునకు దోషము లేదనియు అనుకొనుట తగదు. ఈ రెండింటిని లోనికి పుచ్చుకొనుట మానవలెనని నా గట్టి అభిప్రాయము. శ్రీకాకుళపు ఉద్దానములోని మూత్రపిండ వ్యాధి దీనివలననేనా యని కొందఱు అడుగుదురు. ఆ వ్యాధికి కారణము నేటికిని తేలలేదు. దానిని దీనితో ముడిపెట్టుటకు ఆధారము లేదు.

క్యాన్సరు ఇంకను ఒకచోటనే యున్నచో కత్తి చికిత్సయే ముఖ్యము. ఆ ప్రక్క మూత్రపిండమును, నాళమునంతయు, నాళము మూత్రాశయమున కలియుచోట కొంత గోడతో సహా, తీసివేయుదురు. ఒక్క మూత్రపిండముతో మనుష్యుడు జీవింపగలడు. కాని కణములు కొన్ని అప్పటికే నెత్తురులో తప్పించుకొని పోయి యుండవచ్చును. ఇంగ్లండు దేశమున జరిగి 2020లో ప్రకటింపబడిన యొక ప్రయోగములో, శస్త్రచికిత్స యైన 261 మందిని రెండు భాగములుగా చేసి, ఒక భాగమువారికి 90 దినములలోపల మందులు మొదలుపెట్టి నాలుగు విడతలు ఇచ్చిరి. రెండవవారిని కనిపెట్టి చూచుచుండిరి. మూడేండ్లకు వ్యాధి మఱల తలయెత్తక యున్నవారు మందులు పొందినవారిలో నూటికి 71, పొందనివారిలో 46. ఆపరేషను ఐపోయినదిగదా, ఇంక మందులేల యని యింటికి వచ్చివేయు వారికి ఈ లెక్క చెప్పవలెను.

ఇప్పుడు అసలు విషయము. వ్యాధి దూరపు గ్రంథులకు, ఊపిరితిత్తులకు, కాలేయమునకు, ఎముకలకు ప్రాకినదని తేలినప్పుడు కత్తితో ప్రయోజనము తక్కువ. కలుపు ఒక మడిలో నున్నచో పెఱికివేయవచ్చును. ఆయకట్టంతటను మొలచినప్పుడు నీటితో పాటు పోయి అన్ని మళ్లకు చేరు మందు కావలెను. నెత్తురే ఆ నీరు. రసాయన చికిత్స యనగా ఇదియే. కీమో యని ఆసుపత్రులలో వాడుక.

ఈ మందుల పుట్టుక చెప్పినచో మీలో కొందఱికి ఆశ్చర్యము కలుగును. 1985లో న్యూయార్కు నగరపు క్యాన్సరు వైద్యులు నాలుగు మందులను కలిపి ఈ జాతి క్యాన్సరునకు ఇచ్చి, గడ్డలు కరగుట చూచి ప్రకటించిరి. ఆ నాలుగింటిలో మొదటిది మెథోట్రెక్సేట్. ఇది మన భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడపిన పరిశోధనల ఫలము. ఫోలిక్ ఆమ్లమను విటమినును తయారుచేసిన ఆయన బృందమే, దానికి ప్రతికూలముగా పనిచేయు మందులనుగూడ తయారుచేసెను. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు వానిలో ఒకదానిని నెత్తురు క్యాన్సరు సోకిన బిడ్డలకు ఇచ్చి 1948లో ఫలితములు ప్రకటించెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరము ఆగస్టులోనే గతించిరి.

రెండవది విన్‌బ్లాస్టిన్. ఇది మీ పెరటిలోని బిళ్లగన్నేరు ఆకులోనిది. జమైకా ద్వీపమున మధుమేహమునకు ఈ యాకు కషాయము త్రాగుదురని విని, కెనడా దేశపు వైద్యశాస్త్రజ్ఞులు నోబులు, బీరు అనువారు పరీక్షించిరి. చక్కెర తగ్గలేదు గాని, ఎలుకల నెత్తురులో తెల్లకణములు తగ్గిపోయెను. ఆ జాడనుబట్టి 1958లో మందును వేఱుచేసిరి. ఈ మాట వినగానే బిళ్లగన్నేరు ఆకులు కాచి త్రాగించువా రుందురని నాకు భయము. ఆకులో ఆ మందు రవ్వంత. మఱి యితర విషములు మెండు. తక్కెడలో తూచి, దేహపు కొలతనుబట్టి, నరములోనికి ఎక్కింపవలసినదానిని చెంబుతో కొలిచి త్రాగించుట హత్యతో సమానము.

మూడవది డాక్సోరూబిసిన్, ఇటలీ దేశపు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి వచ్చినది, రంగున ఎఱ్ఱనిది. నాలుగవదియు అన్నిటికంటె బలమైనదియు సిస్‌ప్లాటిన్. ఇది ప్లాటినమను విలువైన లోహముతో చేసినది. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున బార్నెట్ రోజెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు విద్యుత్తు ప్రవహించు నీటిలో సూక్ష్మజీవు లెట్లు పెరుగునో చూచుచుండెను. అవి రెండుగా చీలుట మాని దారములవలె సాగిపోయెను. విద్యుత్తు మహిమయని మొదట తోచినది. వెదకి చూడగా, విద్యుత్తు పంపు ప్లాటినపు కడ్డీలనుండి కొంత లోహము నీటిలో కరగి కొత్త పదార్థమై, అదియే చీలికను ఆపుచున్నదని తేలెను. చీలుచు పెరుగుటయే క్యాన్సరు కణముయొక్క బలము గనుక, ఈ పదార్థము దానిమీద ప్రయోగింపబడి, 1978లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందెను.

ఆ నాలుగు మందుల కూడిక బలమైనదే కాని రోగిని నలుగగొట్టునది. నోరు పూసి అన్నము దిగదు. తెల్లకణములు పడిపోయి జ్వరములు వచ్చును. 2000లో ప్రకటింపబడిన 405 మందిపై జరిగిన పరీక్షలో, సిస్‌ప్లాటిన్‌తో జెమ్‌సైటబిన్ అను ఒక్క మందు కలిపి ఇచ్చినను ఆయుర్దాయము ఇంచుమించు అంతే యున్నదనియు, బాధలు తగ్గినవనియు తెలిసెను. నాలుగు మందులవారిలో మందులవలననే మరణించినవారు నూటికి ముగ్గురు; రెండు మందులవారిలో ఒక్కరు. నాటినుండి ఈ జంటయే వాడుకలో నిలిచినది.

ఎంత మేలు చేయును? ఇక్కడ నిజము చెప్పవలెను. ఆ పరీక్షలో ఇంచుమించు సగము మందికి గడ్డలు బాగుగా తగ్గినవి. రోగులను ఆయువు వరుసను నిలిపినచో నడుమ నిలిచినవాడు జీవించినది రమారమి 14 నెలలు. అనగా సగము మంది అంతకు తక్కువ, సగము మంది అంతకు ఎక్కువ. ఐదేండ్లు గడపినవారు నూటికి 13 మంది. కావున మందులతో తప్పక నయమగుననుట అబద్ధము. మందులవలన ఫలమే లేదనుటయు అబద్ధము. కీమో చంపును అను మాట ఊళ్లలో తిరుగుచుండును. ముదిరిన వ్యాధివలన పోయినవాని చావును మందులపై వేయుటయే తఱచుగా ఆ మాటకు మూలము.

ఈ క్యాన్సరు చికిత్సలోని పెద్ద ముడి ఇప్పుడు వచ్చుచున్నది. సిస్‌ప్లాటిన్ దేహమునుండి వెడలవలసినది మూత్రపిండముగుండనే; పోవుచు దానినే కాల్చును. మన రోగికో, ఒక మూత్రపిండము తీసివేసి యుందురు, లేదా గడ్డ అడ్డుపడి పనిచేయక యుండును. వయస్సు చూచిన అఱువదియో డెబ్బదియో, వెంట మధుమేహమో రక్తపుపోటో. మందు కావలసిన వ్యాధియే మందును భరింపలేని యవస్థను కలిగించును. మూత్రపిండము నిమిషమునకు 60 మిల్లీలీటర్లకు తక్కువ వడపోయుచున్నచో సిస్‌ప్లాటిన్ సాధారణముగా ఇయ్యరు. చెవుడు ముదిరినను, కాళ్లు తిమ్మిరెక్కి యున్నను, గుండె బాగుగా నీరసించినను, రోగి పగలు సగముపైగా మంచమునే యున్నను ఇయ్యరు. శస్త్రచికిత్సకు ముందే, రెండు మూత్రపిండములు ఉన్నప్పుడే, మందులు ఇచ్చుట మేలని పలువురు వైద్యులు తలచుటకు కారణ మిదియే.

ఇచ్చట ఒక మోసము గలదు. క్రియాటినిన్ అను పరీక్షయంకె సరిగా నున్నదని తృప్తిపడుదురు. బక్కచిక్కిన వృద్ధునిలో కండ తక్కువ గనుక ఆ యంకె తక్కువగానే యుండును. వడపోత మాత్రము కుంటువడి యుండవచ్చును. వయస్సు, బరువు, ఆ యంకె మూడును చేర్చి లెక్క కట్టవలెను. మఱి గడ్డయడ్డువలన మూత్రము వెనుకకు తన్నుచున్నచో, నాళములో సన్నని గొట్టము నిలుపుటచేతనో, వీపునుండి మూత్రపిండములోనికి గొట్టము దింపి సంచిలోనికి నీరు విడుచుటచేతనో ఆ మూత్రపిండము కొంత కోలుకొనును. కొన్ని వారములు ఆగి మరల లెక్క చూచినచో సిస్‌ప్లాటిన్‌కు తగినవాడే కావచ్చును. తూము మూసుకొన్నదని చెఱువును విడిచిపెట్టుదుమా?

అప్పటికిని తగనివానికి కార్బోప్లాటిన్ అను సోదర మందు కలదు. మూత్రపిండమునకు దీని బాధ తక్కువ. మూత్రపిండము వడపోయు వేగమునకు 25 కలిపి దాని ప్రకారము మోతాదు నిర్ణయింతురు. బలహీనమైన మూత్రపిండమునకు తక్కువ మందు. దీని బలమును తక్కువయే. సిస్‌ప్లాటిన్‌కు తగని రోగులలో కార్బోప్లాటిన్, జెమ్‌సైటబిన్‌ల జంటపై 2012లో ప్రకటింపబడిన పరీక్షలో నడుమవాని ఆయువు 9 నెలల పైచిలుకు మాత్రమే. సులువైన మందు ఇమ్మని వైద్యుని బలవంతపెట్టువారు ఈ భేదము తెలిసి అడుగవలెను.

చికిత్స నడచు తీరు ఇట్లుండును. మొదటి దినమున రెండు మందులు, ఎనిమిదవ దినమున జెమ్‌సైటబిన్ ఒక్కటి. 21 దినములు ఒక విడత. సిస్‌ప్లాటిన్‌కు ముందును వెనుకను ఉప్పునీటి సీసాలు ఎక్కింతురు. అది మూత్రపిండమును కడిగి కాపాడుటకు. సీసాలు వృథాయని విసుగుకొనరాదు. వాంతులకు మంచి మందులు నేడు కలవు. వానిని వాంతి వచ్చినపిమ్మట గాక ముందే వేయవలెను. రెండవ వారమున నెత్తురు కణములు బాగుగా తగ్గును. ఆ దినములలో జ్వరము 100.4 డిగ్రీలు దాటినచో తెల్లవారనిండని ఊరుకొనరాదు. అర్ధరాత్రియైనను బండి కట్టించి ఆసుపత్రికి చేర్పవలెను. గంటలలో ప్రాణము పోవు ప్రమాదము ఈ చికిత్సలో ఇదే. కావున ఇంట జ్వరమాని యొకటి ఉండవలెను. నడుము నొప్పియని, కీళ్ల నొప్పియని అంగడిలో దొరకు బిళ్లలు మ్రింగరాదు. వానిలో పెక్కు మూత్రపిండమునకు శత్రువులు. చెవిలో హోరు పుట్టినను, అరికాళ్లు మొద్దుబారినను తరువాతి విడతకు ముందే చెప్పవలెను. దాచినచో అవి నిలిచిపోవును.

రెండుమూడు విడతలపిమ్మట మఱల చిత్రము తీసి చూతురు. గడ్డ తగ్గినను, పెరుగక నిలిచినను నాలుగు మొదలు ఆఱు విడతలు పూర్తిచేయుదురు. పెరిగినచో అదే మందు కొనసాగించుట వ్యర్థము. పొలము ప్రశ్నకు సమాధానము కొంత ఇక్కడనే యున్నది. చికిత్సయంతటి సొమ్ము మొదటనే పోగుచేయ నక్కఱలేదు. రెండు విడతల ఫలము చూచి ముందడుగు వేయవచ్చును. సిస్‌ప్లాటిన్, జెమ్‌సైటబిన్ పాత మందులైనందున మన దేశముననే తయారగుచున్నవి. ఆరోగ్యశ్రీ పేరిట 2007లో మొదలైన ప్రభుత్వ పథకములో క్యాన్సరు మందుల చికిత్సయు చేరియున్నది, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వముది, విశాఖపట్టణమున హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. ఈ తలుపులు తట్టకముందు భూమి బేరము పెట్టుట తొందరపాటు.

పోయిన పదేండ్లలో ఈ వైద్యము చాల మాఱినది. మందులతో వ్యాధి అణగినవారికి పిమ్మట అవెలుమాబ్ అను సూదిని రెండు వారములకొకసారి ఇచ్చుటవలన నడుమవాని ఆయువు 14 నెలలనుండి 21 నెలలకు పెరిగినదని 2020లో తెలిసెను. ఇది కణములను తాను చంపదు. దేహపు రక్షకభటులకు కట్టిన గంతలు విప్పును. 2023లో ఇంకను పెద్ద వార్త వచ్చెను. ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్ అను మందును పెంబ్రోలిజుమాబ్ అను మందుతో కలిపి 886 మందిపై పరీక్షింపగా, నడుమవాని ఆయువు 31 నెలలు దాటెను. పాత ప్లాటినము జంటవారికి 16 నెలలు. అందు ద్రోణి, నాళముల క్యాన్సరువారును నాలుగవవంతుకు పైగా నున్నారు. మూత్రపిండపు వడపోత 30 వఱకు తగ్గినవారికిని ఇచ్చిరి. నలువది యేండ్లుగా మొదటి పీట మీద కూర్చున్న ప్లాటినము, ఈ క్రొత్త జంట దొరకు చోట్ల, రెండవ పీటకు జరిగినది. కాని వెల లక్షలలో పలుకును; మన పల్లె రోగులలో అధికులకు నేటికిని అందుబాటులో నున్నది ప్లాటినమే. క్రొత్తది దొరకలేదని పాతదానిని తృణీకరింపరాదు. క్రొత్త మందుపేరు చెప్పి అప్పు చేయింపజూచువారు వచ్చినచో, రోగి అట్టి మందునకు తగునా, ఎన్ని సూదులు, ఏ నాటికి ఫలము చూతురు అని మూడు మాటలు అడిగింపుడు.

మఱియొక సంగతి. మన యిండ్లలో రోగికి వ్యాధిపేరు చెప్పరు. పుండనియో, వాపనియో మఱుగుపఱతురు. చెప్పినచో గుండె పగులునని భయము. నేను చూచినంతవఱకు రోగికి ముందే తెలిసియుండును. ఇంటివారి ముఖములే చెప్పును. తెలిసినవాడు తెలియనివానివలె, ఏడ్చినవారు ఏడ్వనివారివలె నటించుచు నెలలు గడుపుదురు. అప్పులు ఎవరికెంతయో, కూతురికి ఏ మడి యీయదలచెనో, ఆఱవ విడత మందు తనకు కావలెనో వలదో చెప్పవలసినవాడు అతడేగదా. మెల్లగా, అడిగినంతమేరకు, నమ్మకమైన మనుష్యుడు చెప్పుట మంచిది. ఆ మనుష్యుడు తఱచుగా మీరే యగుదురు.

మందులు పనిచేయుట మానిన దినము రావచ్చును. అప్పుడు చేయవలసిన వైద్యము లేదనుట తప్పు. నొప్పి తగ్గించుట వైద్యమే. ఎముకకు ప్రాకినచోట కిరణ చికిత్స నొప్పిని బాగుగా తగ్గించును. మార్ఫిన్ విషయమై మన దేశపు చట్టమును 2014లో సడలించిరి. ఉపశమన చికిత్స తెలిసిన ఆసుపత్రులలో బిళ్లలుగా ఇయ్యబడును. క్యాన్సరు నొప్పికి వైద్యుడు చెప్పిన కొలతలో వాడినవానికి అది వ్యసనమగునని వెఱవ నక్కఱలేదు. మలబద్ధకము తప్పక కలుగును గనుక విరేచనపు మందు మొదటి దినమునుండియే జతచేయవలెను. అయితే మూత్రపిండము మందగించినవానిలో మార్ఫిన్ ఒంటిలో నిలిచిపోయి అతినిద్రయు, ఒంటి అదురులును కలిగించును. అట్టివానికి తక్కువ మోతాదు ఎడముగా ఇత్తురు; లేదా చర్మముపై అంటించు ఫెంటనిల్ పట్టీ వాడుదురు. ఒక్క మూత్రపిండముతో నున్న రోగియని, క్రియాటినిన్ ఇంతయని, నొప్పిమందు వ్రాయు వైద్యునికి మొదటనే చెప్పవలెను. ఆ కాగితమును రోగి సంచిలోనే ఉంచుడు.